ఐటీఐ చదివినవాడు హెల్పర్‌గానే ఎందుకు మిగిలిపోతున్నాడు?

గాజువాక ఆటోనగర్ నుంచి మల్కాపురం, సింధియా దాకా ఏ ఫ్యాబ్రికేషన్ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లినా, ఐటీఐ పాసై వచ్చిన కుర్రాడికి మొదట దొరికేది హెల్పర్ పనే. రాడ్లు అందించాలి, గ్రైండర్ పట్టాలి, సామాను మోయాలి. అదే గ్యాంగులో ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఏదో షాపులో చేరి, తిట్లు తిని పని నేర్చుకున్నవాడు హోల్డర్ పట్టుకుని వెల్డింగ్ చేస్తుంటాడు, వీడికంటే ఎక్కువ కూలి తీసుకుంటాడు. ఇది చూసి ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: మరి ఐటీఐ ఎందుకు చదివినట్టు?

దీనికి అందరి దగ్గరా రెడీగా ఉన్న జవాబు, ఐటీఐల్లో ఏమీ నేర్పరు, కుర్రాళ్లకు పని రాదు అని. అందులో నిజం లేకపోలేదు, దాని సంగతీ చెబుతాను. కానీ మన విశాఖలో ఐటీఐ సర్టిఫికెట్‌కు ఒకప్పుడు విలువ వచ్చింది వర్క్‌షాపుల్లో పాఠాలు గొప్పగా ఉండటం వల్ల కాదని, ఇప్పుడు ఆ విలువ పోయింది కూడా పాఠాలు చెడిపోవడం వల్ల మాత్రమే కాదని నా నమ్మకం. ఐటీఐ తర్వాత ఏముందన్నదే ఆ చదువు విలువను తేల్చింది. ఆ తర్వాతి భాగాన్ని బాగుచేయకుండా మెషీన్లు ఎన్ని మార్చినా హెల్పర్ హెల్పర్‌గానే ఉంటాడు.

ముందు ఈ చదువుల లెక్క క్లుప్తంగా చూద్దాం. ఐటీఐలు నడిచేది 1950లో కేంద్రం మొదలుపెట్టిన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము కింద. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్టు రెండేళ్లు, వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు) ఏడాది. చివర్లో దేశమంతటికీ ఒకే ట్రేడ్ టెస్టు ఉంటుంది, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. దానికి ఒక మెట్టు పైన పాలిసెట్ రాసి చేరే మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. పక్కన ఇంటర్ ఒకేషనల్ కోర్సులు. వీటికి తోడు 2015 నుంచి పీఎం కౌశల్ వికాస్ యోజన కింద కొన్ని వందల గంటల్లో ముగిసే చిన్న కోర్సులు. ఇవన్నీ ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కే మెట్లలా ఉండాలని 2013లో నైపుణ్యాల అర్హతలకు లెవెల్ నంబర్లిచ్చే జాతీయ స్థాయి చట్రం కూడా తెచ్చారు. అయితే కంపెనీ గేటు దగ్గర ఆ లెవెల్ నంబరు అడిగినవాడిని నేనింతవరకు చూడలేదు.

విశాఖలో ఈ చదువుకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది

1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ సింధియా షిప్‌యార్డు పెట్టాడు. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఓడ జల ఉష 1948 మార్చిలో ఇక్కడే నీటిలోకి దిగింది. తర్వాత అదే హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1957లో రిఫైనరీ వచ్చింది, ఆ తర్వాత హెవీ ప్లేట్స్, జింక్ స్మెల్టరు, నేవల్ డాక్‌యార్డు, రైల్వే డీజిల్ షెడ్డు, చివరికి స్టీల్ ప్లాంటు. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చాక ఈ సంస్థలన్నీ ఏటా ఐటీఐ కుర్రాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకునేవి. కంచరపాలెం ఐటీఐలో చేరితే దాని తర్వాత ఏంటన్నది కుటుంబానికి ముందే తెలిసేది. రెండేళ్ల ట్రేడు, ఏడాది అప్రెంటిస్, ఆపైన పర్మనెంటు ఉద్యోగానికి పోటీ పడే అర్హత. అందరికీ ఉద్యోగం వచ్చేదని కాదు. వచ్చినవాడికి మాత్రం క్వార్టర్సు, ఆసుపత్రి, పీఎఫ్, పెళ్లి సంబంధం అన్నీ దాని వెంటే వచ్చేవి. ఐటీఐ పరువు అంతా ఆ చివరి మెట్టు నుంచి కిందికి ప్రవహించిందే.

స్టీల్ ప్లాంటు నిర్వాసితుల సంగతి దీనికి ఇంకా గట్టి ఉదాహరణ. 1971లో శంకుస్థాపన జరిగిన ప్లాంటు కోసం 64 గ్రామాలవాళ్లు భూములిచ్చారు. ఇంటికో ఉద్యోగం ఆశ చూపి వాళ్ల చేతికి ఆర్-కార్డు, అంటే నిర్వాసితుల గుర్తింపు కార్డు ఇచ్చారు. ఆ కార్డుంటే సరిపోదు, చదువు అర్హత కూడా ఉండాలి కాబట్టి ఆ కుటుంబాల్లో కొడుకుల్ని, తర్వాత మనవళ్లని ఐటీఐకే పంపారు. ఫిట్టర్ సర్టిఫికెట్టూ ఆర్-కార్డూ ఒకే కవర్లో పెట్టి దాచుకున్న ఇళ్లు పెదగంట్యాడ, అగనంపూడి చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లలో చాలామందికి పిలుపు రాలేదు. వయసు మీరిపోయింది. ఆ కుర్రాళ్లకు పని రాదని అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే వాళ్లకు పని వచ్చో రాదో పరీక్షించే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

తొంభైల తర్వాత కథ మారింది. రిటైరైనవాళ్ల స్థానంలో పర్మనెంటువాళ్లను తీసుకోవడం తగ్గి, అదే పని కాంట్రాక్టర్లకు వెళ్లింది. జింక్ స్మెల్టరు 2012లో మూతపడింది. స్టీల్ ప్లాంటులో వాటాల అమ్మకానికి 2021 జనవరిలో నిర్ణయం జరిగాక అక్కడ ఉద్యోగం అన్న మాట మీదే నమ్మకం సడలింది. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చినా ఆ బెంగ పూర్తిగా పోలేదు. చివరి మెట్టు తీసేశాక కింది మెట్ల మీద నిలబడేది ఎవరు?

ఇదే కాలంలో ఇంకొకటి జరిగింది. 2007-08 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు విపరీతంగా పెరిగాయి. పేదింటి పిల్లలు ఇంజనీరింగ్ చదవగలిగారు, అది చిన్న విషయం కాదు, దాన్ని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ దాని నీడ ఐటీఐ మీద పడింది. బీటెక్ సీటు అందరికీ అందుబాటులోకి వచ్చాక, ఐటీఐకి వెళ్లేవాడంటే చదువు అబ్బనివాడు అన్న ముద్ర గట్టిపడింది. పాలిటెక్నిక్‌ది ఇంకో రకం కష్టం. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట చేరవచ్చు. మంచి దారే. అయితే చాలామంది డిప్లొమాను బీటెక్‌కు అడ్డదారిగానే చూడటంతో, షాపు ఫ్లోరుకూ ఇంజనీరుకూ మధ్య నిలబడాల్సిన సూపర్‌వైజరు తయారవడం తగ్గిపోయింది. బీటెక్ చేసి ఉద్యోగం రాని కుర్రాడు ఆ సూపర్‌వైజరు పోస్టుకే వస్తాడు, అతనికి మెషీను తెలియదు, డిప్లొమా చేసినవాడు ఇంకా కిందికి జరుగుతాడు. ఐటీఐవాడు హెల్పర్ అవుతాడు. పైనుంచి ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు కిందికి దిగుతూ వచ్చారన్నమాట.

పని రాదంటున్నారు, ఏ పని రాదు?

ఇప్పుడు మొదటి ఆరోపణ దగ్గరికి వద్దాం. వెల్డర్ ట్రేడునే తీసుకోండి. రిఫైనరీలోనో, ఫార్మా ప్లాంటులోనో, ఓడలోనో పైపు అతికించాలంటే వెల్డర్‌కు క్వాలిఫికేషన్ టెస్టు పెడతారు. మనవాళ్లంతా సిక్స్-జీ అనేది దాన్నే. పైపు ముక్కను 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. అది కదలదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కింద కూర్చుని తల పైకెత్తి కొంత, పక్కకు వంగి కొంత, పైనుంచి కొంత. మొదట వేసే రూట్ రన్‌లోనే జాతకం తేలిపోతుంది. రెండు అంచుల మధ్య ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల సందులో లోహం లోపలివైపుకు సమంగా దిగాలి. తక్కువైతే అతుకు పట్టదు, ఎక్కువైతే పైపు లోపల కారి గడ్డకడుతుంది. తర్వాత ఫిల్లింగు, క్యాపింగు. అయ్యాక ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్క కోసి వంచి చూస్తారు. ఇందులో వాడే 7018 రాడ్డు గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఓవెన్‌లో ఆరబెట్టి వేడిగా ఉండగానే వాడాలి. సముద్రం ఒడ్డున ఉన్న మన ఊళ్లో అయితే ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ప్యాకెట్టు విప్పి రోజంతా బయట పడేసిన రాడ్డుతో వేసిన అతుకు పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల మాత్రం బుడగలో, పగుళ్లో ఉండిపోతాయి.

ఐటీఐ సిలబస్‌లో టిగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగ్) ఉంది, పైపు వెల్డింగ్ ఉంది. కాబట్టి సిలబస్ పాతబడిపోయింది అనే మాట పూర్తిగా నిజం కాదు. లేనిది సామగ్రి, సమయం. చేయి తిరగాలంటే ఒక్కో కుర్రాడు పదుల కొద్దీ పైపు ముక్కలు, కిలోల కొద్దీ రాడ్లు కాల్చాలి. ఆర్గాన్ సిలిండరుకు డబ్బు కావాలి. ఒక బ్యాచిలో 20 మంది ఉంటే మెషీన్లు కొన్నే ఉంటాయి, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. చూస్తే వెల్డింగ్ రాదు. ఫిట్టర్‌దీ ఇదే వరస. మొదటి ఏడాది ఇనుప పట్టీని ఆకురాయితో అరగదీసి, ఒక ముక్క ఇంకో ముక్కలో సందు లేకుండా కూర్చునేలా చేయిస్తారు. విసుగు పుట్టించే పని. కానీ వెర్నియర్‌తో 0.02 మిల్లీమీటరు తేడా కనిపెట్టి, ఆ తేడాను చేత్తో సరిచేయడం అక్కడే వస్తుంది. ఆ ఏడాది సరిగ్గా చేసినవాడికి తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీను ముందు నిలబెట్టినా భయం ఉండదు. చేయకుండా రికార్డు బుక్కు నింపి సంతకం పెట్టించుకున్నవాడు ఎక్కడికెళ్లినా తడబడతాడు.

ఈ రికార్డు బుక్కు చదువు ఎక్కువగా ఎక్కడ ఉందో చెప్పుకోవాలి. దేశంలో దాదాపు 15 వేల ఐటీఐలుంటే, వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువి. కొన్ని నిజాయితీగా నడుస్తున్నాయి. చాలావాటిలో రెండు గదుల్లో వర్క్‌షాపు, కనెక్షన్ లేని మెషీన్లు, పరీక్షల ముందు మాత్రమే కనిపించే విద్యార్థులు. ప్రభుత్వ ఐటీఐలో స్థలం ఉంటుంది, మంచి పాత లేత్ మెషీన్లుంటాయి, బోధించే పోస్టు ఖాళీగా ఉంటుంది. ఇన్‌స్ట్రక్టరు కావాలంటే ట్రేడు తెలియడంతో పాటు బోధనలో ఏడాది శిక్షణ పొంది ఉండాలి. అంత తెలిసినవాడికి గల్ఫ్‌లోనో ఏ ప్రాజెక్టు సైట్‌లోనో దొరికే జీతం ముందు గెస్ట్ ఫ్యాకల్టీ జీతం ఏ మూలకు? పోస్టులు నింపకుండా బిల్డింగులకు రంగులేస్తే కోపం రాదా?

సరే, ఇంత లోపం ఉన్నా, షాపులో నేర్చుకున్నవాళ్లు ఎలా తయారవుతున్నారు? 2022-23 శ్రామిక శక్తి సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్లలో అధికారికంగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతం, కుటుంబంలోనో, పని చేస్తూనో, సొంతంగానో నేర్చుకున్నవాళ్లు 16.6 శాతం. అంటే దేశంలో పని నేర్పుతున్నది ప్రధానంగా ఐటీఐ కాదు, ఆటోనగర్. మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకున్న పనిలో పస ఉంటుంది. ఏది ఎందుకు చేస్తున్నామో, డ్రాయింగ్ ఎలా చదవాలో, సేఫ్టీ ఏమిటో మాత్రం అక్కడ దొరకదు. ఐటీఐలో డ్రాయింగ్ ఉంది, చేతికి పని లేదు. ఆటోనగర్‌లో పని ఉంది, డ్రాయింగ్ లేదు. ఈ రెండింటినీ కలిపేదే అప్రెంటిస్‌షిప్. జర్మనీలో కుర్రాడు వారంలో ఒకటి రెండు రోజులు బడిలో, మిగతా రోజులు కంపెనీలో ఉంటాడు, కంపెనీయే జీతమిస్తుంది. మన దగ్గరా 2016లో ఇదే తరహాలో డ్యుయల్ సిస్టమ్ అని పెట్టారు, కాగితం మీద బాగుంది.

మన అప్రెంటిస్ చట్టం చెప్పేదీ చెడ్డది కాదు. 2019 సవరణ తర్వాత, 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఆ సిబ్బందిలో కాంట్రాక్టువాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. ఐటీఐ పాసైనవాడికి కనీసం నెలకు 7 వేలు స్టైపెండ్ అని అప్పుడు నిర్ణయించారు. దీన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో వచ్చిన కుర్రాడు గాజువాకలో నలుగురితో కలిసి గది తీసుకుని, మెస్సులో తిని, బస్సు పాసు కొంటే ఆ ఏడు వేలల్లో ఇంటికి పంపడానికి మిగిలేది శూన్యం. ఇక ఏడాది పూర్తయ్యాక ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు, ప్రతి సంస్థా తన విధానం తాను రాసుకోవాలని మాత్రమే ఉంది. కాబట్టి చాలాచోట్ల ఏం జరుగుతోందంటే, ఒక బ్యాచి వెళ్లిపోతుంది, ఇంకో బ్యాచి వస్తుంది, తక్కువ ఖర్చుకు చేతులు దొరుకుతూనే ఉంటాయి.

అసలు ముడి కూలి దగ్గర

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఇది. కేంద్రం పరిధిలోని కాంట్రాక్టు పనులకు 2024 అక్టోబరులో పెద్ద నగరాల్లో ప్రకటించిన కనీస వేతనం చూడండి. నైపుణ్యం లేని పనికి రోజుకు 783 రూపాయలు, నైపుణ్యం ఉన్న పనికి 954. తేడా 171. రెండేళ్ల చదువు, ఆపైన అప్రెంటిస్ చేస్తే ఆ లెక్కన చట్టం ఇచ్చిన విలువ రోజుకు 171 రూపాయలు. అదైనా అందుతుందా అంటే, మస్టర్‌లో హెల్పర్ అని రాసి ఫిట్టర్ పని చేయించుకునే కాంట్రాక్టర్లకు కొదవలేదు. తక్కువ రేటుకు టెండరు వేసినవాడికే పని దక్కితే, వాడు ఆ తేడాను కోసేది కూలిలోనే. పదేళ్లు పనిచేసినా పైకెళ్లే గ్రేడు ఉండదు, కాంట్రాక్టరు మారితే సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలు. మంచి వెల్డర్లు దొరకడం లేదని మొత్తుకునే కంపెనీలు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. నేర్చుకున్నవాడికీ నేర్చుకోనివాడికీ తేడా చూపించకపోతే, కుర్రాడు రెండేళ్లు పెట్టి ఎందుకు నేర్చుకుంటాడు? రాపిడో నడిపితే ఈరోజు డబ్బు ఈరోజే చేతిలో పడుతుంది.

అందుకే కొత్త పథకాల గురించి విన్నప్పుడు నాకు సంతోషమూ, టెన్షనూ రెండూ కలుగుతాయి. 2025 అక్టోబరు 4న పీఎం సేతు అనే పథకం మొదలైంది. 200 ఐటీఐలను హబ్బులుగా, 800 ఐటీఐలను వాటికి అనుబంధంగా తీర్చిదిద్దుతారు. మొత్తం 60 వేల కోట్లలో కేంద్రం 30 వేలు, రాష్ట్రాలు 20 వేలు, పరిశ్రమలు 10 వేల కోట్లు పెట్టాలి. పరిశ్రమల చేత డబ్బు పెట్టించడం ఇందులో నాకు నచ్చింది, డబ్బు పెట్టినవాడు ఏం నేర్పుతున్నారో వచ్చి చూస్తాడు. మరి ఆ పరిశ్రమే తన కాంట్రాక్టు టెండర్లలో ఫలానా పనికి ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇంతమంది ఉండాలి, వాళ్లకు నైపుణ్య వేతనం నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి అని ఒక్క వాక్యం రాస్తుందా? షిప్‌యార్డు, రిఫైనరీ, పోర్టు, స్టీల్ ప్లాంటు నాలుగూ ఆ వాక్యం రాస్తే కంచరపాలెంలో అడ్మిషన్ల వరస వచ్చే జూన్‌కే మారిపోతుంది. దానికి 60 వేల కోట్లు అక్కర్లేదు.

పని లేక కాదు ఈ మాటంటున్నది. రాబోయే రోజుల్లో మన ఊరికి రాబోయేవన్నీ చేతి పని మీద నడిచేవే. నౌకాదళానికి ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు కట్టడానికి షిప్‌యార్డు 2023 ఆగస్టులో సుమారు 19 వేల కోట్ల ఒప్పందం చేసుకుంది, ఒక్కో ఓడలో ఉండే వెల్డింగు పొడవు ఊహించుకోండి. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, అక్కడ ఎక్కువ పీడనం తట్టుకునే పైపులు కావాలి, లీకు కనిపెట్టే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లు కావాలి. గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా సెంటర్ గురించి ఊళ్లో అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలనే మాట్లాడుకుంటున్నారు. డేటా సెంటర్ గోడల లోపల రోజూ ఉండేది ఎలక్ట్రీషియన్లు, కూలింగ్ చూసే ఏసీ మెకానిక్‌లు, జనరేటర్లు చూసే డీజిల్ మెకానిక్‌లు. కట్టేటప్పుడు వేలమంది, కట్టాక నడపడానికి చాలా తక్కువమంది అన్నదీ గుర్తుంచుకోవాలి.

పరవాడ, అచ్యుతాపురం ఫార్మా సంగతి వేరే. అక్కడ పని రావడం అంటే ప్రాణం నిలవడం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక యూనిట్‌లో సాల్వెంట్ ఆవిరి అంటుకుని జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ల పనితనాన్ని నేను ప్రశ్నించడం లేదు, అది అన్యాయం. నేననేది, రియాక్టర్ల మధ్య పనిచేసే ప్రతి కాంట్రాక్టు కూలీకీ ఏ పైపులైనులో ఏముందో తెలిసి ఉండాలి, అది రెండు గంటల ఇండక్షన్‌తో వచ్చేది కాదు. కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్, కెమికల్ ప్లాంట్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని ఐటీఐలో రెండేళ్ల ట్రేడులే ఉన్నాయి. మన నగరంలో కెమికల్ ఇంజనీరింగ్ డిప్లొమాకే ప్రత్యేకంగా ప్రభుత్వ కాలేజీ ఉంది. ఇంత ఫార్మా ఉన్న జిల్లాల్లో ఈ సీట్లకు కొట్టుకోవాలి. ఆడపిల్లలకూ ఇవి సరిపోతాయి. వాళ్ల ఐటీఐ అనగానే కుట్టుపని, కంప్యూటర్ దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల అసెంబ్లీకి, ఫార్మాలో ల్యాబు పనికి అమ్మాయిలు రాత్రి షిఫ్టుల్లో కూడా వెళ్తున్నారు. వాళ్లకు కావాల్సింది హాస్టలు, నమ్మకమైన బస్సు.

ఈ ఏడాది పిల్లల్ని ఐటీఐలో చేర్చే ఇళ్లవాళ్లు ఫీజు కంటే ముందు వర్క్‌షాపు చూపించమని అడగండి. మెషీన్లకు కరెంటు ఉందా, పాత రాడ్ల ముక్కలు, ఇనుప రజను నేల మీద కనిపిస్తున్నాయా చూడండి, నున్నగా ఊడ్చిన వర్క్‌షాపును నమ్మొద్దు. పోయిన బ్యాచి అప్రెంటిస్ ఎక్కడ చేస్తోందో అడగండి. ఆ ట్రేడుకు ఢిల్లీ నుంచి గుర్తింపు ఉందో లేదో కేంద్ర పోర్టల్‌లో చూసుకోండి. ఐటీఐ చేస్తే చదువు అక్కడితో ఆగిపోదు, బ్రిడ్జి కోర్సుతో డిప్లొమా రెండో ఏటికి వెళ్లే దారి ఉంది, ఓపెన్ స్కూల్ పరీక్షలు రాసి ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకునే దారీ ఉంది. మార్కుల్ని మాత్రం తేలిగ్గా తీసుకోనివ్వకండి. మన నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు నోటిఫికేషన్లలో టెన్త్‌లో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతూ వస్తున్నారు. పాసైతే చాలని ఊరుకున్నవాడు అప్లికేషను కూడా పెట్టలేడు.